ఏడుసార్లు నొక్కిన కాయితం

ప్రింటర్లకు పుట్టుకతోనే తిక్క ఉంటదో, లాలాగూడ నీళ్లు తాగినంకనే వస్తదో తెల్వదు గని, నవత వాళ్లింట్ల ఉన్నదానికి మాత్రం మస్తు తిక్క. పని లేనప్పుడు పచ్చబత్తి వెలిగించుకొని బుద్ధిమంతురాలి లెక్క కూసుంటది. అక్కెరవడ్డనాడు ఎర్రబత్తి కొట్టుకుంట మొండికేస్తది. ఆ మంగళారం మధ్యాహ్నం రెండున్నరకు సుత అదే చేసింది.

ఆ రోజు నవతకు ఐదింటి లోపల నాలుగు కాయితాలు ప్రింటు కావాలె. అవి అందిస్తే నౌకరి, లేకుంటే లేదు. అంత సీదా ముచ్చట.

నవత తండ్రి జంగయ్య రైల్వే వర్క్‌షాపుల ఫిట్టరు. రిటైర్మెంటు ఇంక నాలుగేండ్లున్నదనంగ కిడ్నీలు ఖరాబై పానం ఇడిసిండు. నౌకరిల ఉండంగ మనిషి పోతే ఇంట్ల ఒకరికి నౌకరిస్తరు. ఒక్కరికే. ఆ ఒక్కరెవరో పోయినాయన భార్య చెప్పాలె, మిగిలిన పిల్లలు "మాకేం అభ్యంతరం లేదు" అని సంతకం చేసియ్యాలె. ఈ రూలు తెల్వని ఇల్లు లాలాగూడల ఉండదు. ఈ ఒక్క కాయితం కాడ మాటలు బందైన అన్నదమ్ములను జమ చేస్తే ఒక ప్యాసింజర్ రైలు నిండుతది.

"మా ఇంట్ల గసుంటి పంచాది లేదు" అని నవత అందరికీ గొప్పగ చెప్పుకునేది. ఎందుకు చెప్పుకోదు? నాయిన మంచాన వడ్డప్పుడు ల్యాబుల కౌంటరు నౌకరి ఇడిసిపెట్టింది ఆమెనే. రెండున్నరేండ్లు, వారానికి మూడుసార్లు, ఆటోల ఎక్కించుకొని డయాలసిస్‌కు తీసుకపోయింది ఆమెనే. అన్న విజయేందర్ బండ్ల షోరూంల పనిచేస్తడు. "నాకు సెలవు దొర్కదు చెల్లె, నువ్వున్నవు గద" అనేటోడు. ఆమె ఉన్నది. ముప్పై రెండేండ్లొచ్చినయి, పెండ్లి ముచ్చట ఎవరన్న తెస్తే "నాయినకు నయం కానీ" అని పక్కకు వెట్టింది.

పదకొండో దినం నాడు చుట్టాలందరి నడుమ తల్లి పుష్పమ్మ కొంగుతోని మొకం తుడుచుకొని చెప్పింది. "నౌకరి నా బిడ్డకే. దాని చేతుల మీదనే పోయిండు మా ఆయన." విజయేందర్ సుత ఎంటనే తలకాయ ఊపిండు. "ఇంక వేరే ముచ్చటేంది? చెల్లెకే." ఇనెటోళ్ల కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అసుంటి అన్న ఉండాలె అని పెద్దమ్మ ఒకామె నవత గదుమ పట్టుకొని సుత అన్నది.

ఇగ ఆ మంగళారం ఒంటిగంటకు ఏమైందంటే, నాయినతోని ఒక్క షాపుల పనిచేసిన నోవహు ఫోన్ చేసిండు.

"బిడ్డా, ఈ విడత ఫైళ్లు పెద్దాఫీసుకు పోతున్నయట. ఇయ్యాల ఐదింటికి ఆఖరు. నీ కాయితాలిచ్చినవా?"

"ఇంక రెండు నెల్ల టైమున్నదని మా అన్న చెప్పిండు గద అంకుల్?"

"టైమెక్కడిది బిడ్డా? లే, పొయ్యి ఇచ్చిరా" అన్నడు.

అన్నకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగుసార్లు చేసింది, నాలుగుసార్లు మోగి మోగి బందైంది. వదిన హిమజ తిరుమలగిరిల తల్లిగారింటికి వోయింది. ఆమె ఎత్తింది గని, "నాకేం తెల్వదు నవతా, ఆయన్నే అడుగు" అని మాట పూర్తి కాకముందే పెట్టేసింది. పాపం పనిల ఉన్నదేమో అనుకుంది నవత. మంచోళ్లకు అన్నీ మంచిగనే కనవడ్తయి, ఏం చేస్తం!

ఆగమాగం కంప్యూటర్ ముంగట కూసొని కాయితాలు టైపు చేసింది. నాయిన పేరు, టోకెన్ నంబరు, తన చదువుతోని దరఖాస్తు రెండు కాయితాలు, తల్లి ఇయ్యాల్సిన ఒప్పుకోలు పత్రం, అన్న ఇయ్యాల్సిన అభ్యంతరం లేని పత్రం. అన్న సంతకం షోరూంకు పొయ్యి పెట్టిచ్చుకోవచ్చు, తల్లి సంతకం ఇంట్లనే. అంత తయారు చేసుకొని ప్రింటు నొక్కింది. ఎర్రబత్తి.

సందు మలుపుల జిరాక్స్ షాపుకు ఉరికింది. షట్టర్ దించి ఉన్నది, అక్క కూతురి పెండ్లికి పోయినమని కాయితం అతికిచ్చిండ్రు. ఇంకో దుకాణంల ఆధార్‌కు వేలిముద్రలేసెటోళ్లు రోడ్డుదాక నిలవడ్డరు, సర్వర్ డౌనట, వాడు ఎవరి మొకమూ సూస్తలేడు. మళ్ల ఇంటికే ఉరికొచ్చింది. మూడు కావొస్తున్నది.

ప్రింటర్ రోగమేందో తెల్వంది కాదు. పది దినాల కింద ఇంట్ల పాత నెట్ పీకేసి కొత్త ఫైబర్ కనెక్షన్ పెట్టిచ్చిండు అన్న. ప్రింటర్ ఇంక పాత వైఫైనే తలుసుకుంట కూసున్నది. దాన్ని కొత్తదానికి కలపాల్నంటే పాస్‌వర్డ్ కావాలె. కంప్యూటర్‌కైతే వైరున్నది, దానికి పాస్‌వర్డ్ అక్కెర లేదు. ప్రింటర్‌కు సుత వైరు పెడదామని డబ్బా అంత ఎతికింది, ఆ వైరును అన్న ఎన్నడో ఎవరికో ఇచ్చిండు. నవత ఫోన్‌కు సుత కొత్త వైఫై లేదు. "నీకు డేటా ఉన్నది గద, మళ్ల ఇదెందుకు" అన్నడు అన్న. అప్పుడు నిజమే గద అనుకుంది.

కనెక్షన్ ఇచ్చిన యేసుదాసుకు ఫోన్ చేసింది. అతను ఏదో బిల్డింగు మీద ఉన్నడు, గాలి సప్పుడు ఇనవడ్తున్నది.

"డబ్బా కింద స్టిక్కర్ మీద ఉన్నది పనిచెయ్యదక్కా, మీ అన్న మార్పిచ్చిండు. నేను అటు మొకం తిప్పుకున్న, ఆయననే టైపు చేసిండు. ఎనిమిది అక్షరాల కన్న తక్కువైతే తీసుకోదు, గంతే తెలుసు నాకు. ఇంట్ల ఎవరి ఫోన్‌కన్న వైఫై వస్తదా? అండ్ల షేర్ అని ఉంటది, నొక్కితే కింద పాస్‌వర్డ్ కనవడ్తది."

తల్లి ఫోన్‌కు వస్తది! సీరియళ్లు చూసుకోనీకె అన్ననే పెట్టిచ్చిండు. నవత వంటింట్లకు ఉరికింది.

పుష్పమ్మ చింతపండు పిసుకుతున్నది. "అమ్మా, నీ ఫోన్ ఇటియ్యి జెర."

"ఎందుకే?"

"పాస్‌వర్డ్ కోసం. నౌకరి కాయితాలు ప్రింటు తియ్యాలె, ఇయ్యాలనే ఆఖరట."

పుష్పమ్మ తడి చెయ్యితోనే నడుము కాడ దోపుకున్న ఫోన్‌ను తడుముకుంది. "నువ్వేదన్న నొక్కుతవు, అది ఖరాబైతది. మీ అన్న రానియ్యి, వాడే చూస్తడు."

"అన్న వచ్చేటాల్లకు ఎనిమిదైతది. ఐదింటికి ఆఫీసు బందమ్మా!"

"బందైతే రేపిస్తవు. రేపు ఇస్తే ఏం పోతది? సర్కారు పని ఒక్క దినంల అయ్యేదా? తిన్నవా నువ్వు? ముందుగాల్ల తిను."

నవతకు మండింది. తల్లికి ఆఫీసు సంగతులు తెల్వవు, ఫోన్ అంటే భయం, దానికి తోడు నాయిన పోయినకాడికెల్లి బుర్ర సక్కగ పనిచేస్తలేదు, అని తనకు తనే సముదాయించుకొని మళ్ల ప్రింటర్ కాడికి వచ్చింది. ఎతుక్కొనుడు షురూ చేసింది. అన్న పేరు, పుట్టిన తారీఖు పెట్టింది. కాదన్నది. వదిన పేరు, పెండ్లి తారీఖు పెట్టింది. కాదన్నది. అన్న బండి నంబరు, షోరూం పేరు, వదిన పేరు అన్న పేరు కలిపి. కాదు, కాదు, కాదు. ఆ చిన్న తెర మీద ఒక్కో అక్షరం బాణం గుర్తుతోని ఎతికి నొక్కేసరికి యేలు నొచ్చింది. మూడుంబావు దాటింది, మూడున్నర అయింది.

అప్పుడు యాదికొచ్చింది. వర్క్‌షాపుల ప్రతి మనిషికి ఒక టోకెన్ నంబరుంటది. జంగయ్యది 4417. ఆ ఇంట్ల అది దేవుని నంబరు. స్కూల్ల అన్న సైకిల్ తాళానికి 4417. అమ్మ ఫోన్‌కు 4417. బీరువ మీద రంగుతోని రాసింది 4417. గోడ మీద పాల లెక్క రాసే కాడ సుత 4417. కొత్త తాళం ఎన్నడు కొన్నా ఈ ఇంటోళ్ల చెయ్యి తెల్వకుంటనే ఆ నంబరు మీదికి పోతది. దొంగోడొస్తే ఒక్క నంబరుతోని ఇల్లంత ఊడ్చుకపోతడని నాయినే నవ్వెటోడు.

jangaiah అని కొట్టి, ఎనక 4417 పెట్టింది.

ప్రింటర్ జెరసేపు ఆలోచన చేసింది. పచ్చబత్తి వెలిగింది.

నవతకు దుఃఖం ఆగలేదు. అన్న నాయిన్ను మర్చిపోలే. బయటికి ఏం మాట్లాడడు, ఏడ్వడు, గని దినాం ఇంట్ల నాయిన పేరు మీదనే నెట్ నడవాల్నని లోపల్లోపల పెట్టుకున్నడు. ఇంతసేపటికెల్లి ఫోన్ ఎత్తుతలేడని ఎంత తిట్టుకుంది మనసుల! ఛీ, నా బుద్ధే పాడుదని చెంపలేసుకుంది.

ప్రింటర్ గొరగొర సప్పుడు చేసి ఒక కాయితం బయటికి తోసింది.

మీద నాయిన పేరున్నది. టోకెన్ నంబరున్నది. నౌకరి కోసం దరఖాస్తు. తను టైపు చేసిన తీరు లేదు, గీతలు కొట్టి డబ్బాలేసి మస్తు నీట్‌గ ఉన్నది. అయ్యో, అన్న నాకోసం ముందుగాల్లనే తయారు చేసి పెట్టిండా అనుకుంది ఆ పిచ్చిది. కండ్లు తుడుచుకొని కిందికి చదివింది. దరఖాస్తుదారు పేరు: విజయేందర్. మృతుని కుమారుడు.

రెండో కాయితం. "నేను, పుష్పమ్మ, నా భర్త నౌకరి నా కొడుకు విజయేందర్‌కు ఇయ్యమని కోరుతున్నాను."

మూడో కాయితం. "నేను, నవత, మా అన్నకు నౌకరి ఇచ్చుటకు నాకు ఎలాంటి అభ్యంతరం లేదు. ఇది నా ఇష్టపూర్వకముగా రాసి ఇచ్చుచున్నాను." కింద తారీఖు తొమ్మిది దినాల కిందటిది, ఆదివారం.

నవత ఇంక తేరుకోనే లేదు, ప్రింటర్ మళ్ల మొదటి కాయితం తోసింది. మళ్ల విజయేందర్. మళ్ల పుష్పమ్మ. మళ్ల నవతకు ఎలాంటి అభ్యంతరం లేదు. ఆ ఇంటోళ్లకు ఒక అలవాటున్నది, ప్రింటు రాకపోతే ఎందుకు రాలేదో చూడరు, మళ్ల నొక్కుతరు. కొత్త నెట్ పెట్టిన మర్నాడు అన్నావదినలు కూసొని నొక్కిండ్రు, రాలే. మళ్ల నొక్కిండ్రు. ఏడుసార్లు నొక్కి, విసుగొచ్చి బయట తీసుకున్నరు. ఆ నొక్కినయన్నీ కంప్యూటర్ కడుపుల అట్లనే ఉన్నయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటరు. ప్రింటర్ పట్టిచ్చింది.

ఆ ఆదివారం అన్న ఒక కట్ట కాయితాలు పట్టుకొని వంటింట్లకు వచ్చిండు. "అమ్మ పెన్షన్‌వి చెల్లె, పెన్సిల్‌తోని టిక్కు వెట్టిన కాడ సంతకం చెయ్యి." ఆమె గిన్నెలు తోముతున్నది. చేతులు నైటీకి తుడుచుకొని, గోడకు ఆనిచ్చి, టిక్కులున్న కాడల్ల పెట్టుకుంట పోయింది. చదవలే. అన్న కాయితాన్ని ఎవరు చదువుతరు? "సంతకం మంచిగుంది ర చెల్లె, ఆఫీసర్ లెక్క" అని నవ్విండు సుత. తడిగుడ్డతోని గొంతు కోసుడంటే గిదే.

ఇరవై ఒక్క కాయితాలు వచ్చినయి. వాటన్నిటి ఎనక, ఆఖరుకు, ఆమె నాలుగు కాయితాలు వచ్చినయి.

నవత కట్టంత పట్టుకొని వంటింట్లకు పోయింది. తల్లి ముంగట గట్టు మీద పెట్టింది.

"ఇదేందమ్మా?"

పుష్పమ్మ చూడనే లేదు. చూడాల్సిన పని ఆమెకు లేదు. పొయ్యి బందు వెట్టి, చింతపండు చేతులు కడుక్కొని, చానాసేపు కడుక్కుంట నిలవడ్డది.

"మీ అన్నకు ఆ షోరూం నౌకరి ఉంటదో పోతదో తెల్వకొచ్చింది. రేపు నువ్వు పెండ్లి చేసుకొని పోతవు, నౌకరి నీతోని పోతది. నేను ఎవరింట్ల ఉండాలె? వాని ఇంట్లనే గద. వాడు నన్ను బైటికి తొయ్యొద్దు గద."

"నేను ఎల్లగొడ్తనా నిన్ను?"

"నువ్వు ఎల్లగొట్టవే. నాకు తెలుసు."

"మరి పదకొండో దినం నాడు అందరి ముంగట ఎందుకన్నవు? నాకు చెప్పొద్దా? నాతోని దొంగ సంతకాలు పెట్టిస్తరా?"

పుష్పమ్మ అప్పుడు తల ఎత్తింది. ఆమె మొకంల తప్పు చేసినదాని బెదురు లేదు, అదే నవతకు ఎక్కువ గుచ్చుకున్నది. "చెప్తే ఒప్పుకుంటవని మాకు ఎరికే. నువ్వెన్నడన్న కాదన్నవా బిడ్డా? ఎట్లయిన ఒప్పుకునేదే గద, మళ్ల అడిగి నిన్ను బాధ పెట్టుడెందుకని మీ అన్ననే అన్నడు."

నిజమే. ఒప్పుకునేది. అన్న వచ్చి పక్కన కూసొని "చెల్లె, నాకు తక్లీఫ్ ఉన్నది" అంటే, ఆ రాత్రంత ఏడ్చి, పొద్దున లేచి సంతకం చేసి ఇచ్చేది. అది తెలిసి, ఆ పాటి అడుగుడు సుత దండుగ అనుకున్నరు. రెండున్నరేండ్ల చాకిరికి ఒక్క మాట అడిగే విలువ లేదు. మోసం చేసిండ్రు, ఇద్దరు కలిసి మోసం చేసిండ్రు, అందుల ఒకరు కన్నతల్లి.

తన నాలుగు కాయితాలల్లకెల్లి తల్లి ఒప్పుకోలు పత్రం తీసి ముంగట పెట్టింది. పక్కన పెన్ను పెట్టింది. "సంతకం చెయ్యి."

పుష్పమ్మ పెన్ను దిక్కు చూసింది. "అన్న రానియ్యే" అన్నది మెల్లగ.

నవత ఆ కాయితం అట్లనే తీసుకుంది. అన్న ఏడు కట్టలల్లకెల్లి ఒకటి తీసుకుంది. చెప్పులేసుకొని బయటికి వచ్చి, కనవడ్డ ఆటోను ఆపి ఎక్కింది. నాలుగుంబావు.

వర్క్‌షాపు ఆఫీసుల ఈ కాయితాలు తీసుకునే వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ రామ్మోహనరావు కోస్తా దిక్కు మనిషి. కండ్లద్దాలు ముక్కు మీదికి జారేసుకొని ఫైలు తీసిండు. "మీ అన్నయ్య పోయిన వారం సోమవారమే ఇచ్చేశాడమ్మా. మీ సంతకం కూడా ఉంది, ఇదిగో." ఉన్నది. ఆమె సంతకమే. ఆఫీసర్ లెక్క ఉన్నది.

నవత అంత చెప్పింది. ఆయన అడ్డం రాలేదు. చెప్పుడైనంక ఆమె అన్న కట్టల ఉన్న మూడో కాయితం తీసి, "నాకు ఎలాంటి అభ్యంతరం లేదు" అని ఉన్నదాన్ని గట్టిగ కొట్టేసి, కింద రాసింది. "పెన్షన్ కాయితం అని చెప్పి నాతోని సంతకం తీసుకున్నరు. నాకు అభ్యంతరం ఉన్నది." సంతకం చేసి తారీఖు ఏసింది. ఈసారి చదివి మరీ చేసింది.

రామ్మోహనరావు ఆ కాయితం అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. "ఇది తీసుకుంటే మీ అన్నయ్య ఫైలు ఆగిపోతుంది. విచారణ అవుతుంది. కానీ ఒక మాట చెప్తాను, ఏమనుకోకండి. మీకు ఉద్యోగం రావాలంటే మీ అమ్మగారు మీ పేరు చెప్పాలి. ఆవిడ మాటే చెల్లుతుంది. ఫోన్ చేసి అడగమంటారా?"

"అడుగుండ్రి సార్."

ఆయన స్పీకర్‌ల పెట్టి చేసిండు. పుష్పమ్మ ఎంటనే ఎత్తింది. అవతల ఇంకెవరిదో గొంతు ఇనవడ్డది, మొగగొంతు. నాలుగుసార్లు చేస్తే ఎత్తని అన్న షోరూం ఇడిసి ఇంటికి వచ్చే ఉన్నడు.

"అమ్మా, నేను వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ని. మీ వారి ఉద్యోగం ఎవరికి ఇమ్మంటారు? మీ ఇష్టం, ఎవరి బలవంతమూ లేదు. చెప్పండి."

"నా బిడ్డ ఆడ్నే ఉన్నదా సార్?"

"ఉందమ్మా. వింటోంది."

నవత టేబుల్ అంచు పట్టుకుంది. ఇంక సుత ఆశ ఉన్నది ఆమెకు, సిగ్గులేని ఆశ. చుట్టాల ముంగట చెప్పిన మాటనే అమ్మ ఇంకొక్కసారి చెప్తదేమోనని.

"కొడుకుకే సార్. విజయేందర్‌కే రాసుకోండ్రి." అని, ఆ ఎంటనే, "నవతా, ఇంటికి రా బిడ్డా. ఇంక తిననే లేదు నువ్వు" అన్నది.

రామ్మోహనరావు ఫోన్ పెట్టేసిండు. ఆమె మొకం దిక్కు చూడలేక ఫైలు తాడు సవరించుకుంట కూసున్నడు. ఆమె రాసిచ్చిన కాయితాన్ని మెల్లగ ఆమె దిక్కే జరిపిండు.

"మీకెలాగూ రాదమ్మా. ఇంట్లో గొడవ తప్ప ఇంకేం మిగలదు. వెనక్కి తీసుకుంటారా?"

నవత ఆ కాయితం దిక్కు చూసింది. ఎన్నడూ కాదనని మనిషి రాసిన కాయితం. దాన్ని మళ్ల ఆయన దిక్కే జరిపింది.

"మా అమ్మ మాట మా అమ్మ చెప్పింది సార్. నా మాట నేను రాసిన. తీసుకున్నట్టు ఠప్పా ఎయ్యుండ్రి."